రెండున్నర చక్రాల ఎత్తు

రండి, ఇంకాస్త ముందుకి జరగండి. ఆ గుమ్మం దగ్గర జల్లు కొడుతోంది, తడిసిపోతారు. సంచులు గోడవారగా పెట్టేసి చాపమీద కూర్చోండి. ఏవిట్రా పోతురాజూ ఆ గొణుగుడు? గంట కొట్టేసేక కూడా మాస్టారు వదల్లేదనా? గొణక్కు, గట్టిగానే అను. ఇవాళ నన్ను ఎవరేమన్నా పడతాను.

అవును, గంట కొట్టి అరగంట దాటింది. నలభై మందినీ వరసగా గోడకి నిలబెట్టి, చెప్పులు విప్పించి, నెత్తిమీద అట్ట ఆన్చి గీతలు గీసేను. ఎందుకో చెప్పలేదు. "మాస్టారికి ఇవాళ ఏదో అయ్యిందే" అని వంటమ్మాయి ఆయమ్మతో అంటూంటే విన్నాను. అయ్యిందనే అనుకోండి.

సాయిదుర్గని 'పొట్టి' అన్నదెవరు ఇందాకా? నువ్వేనా పోతురాజూ? భయపడకు, చెవి మెలిపెట్టను. కథ విన్నాక ఆ మాట నీ నోటికే రాదు.

ఇదుగో, ఈ ఎర్ర అట్ట పుస్తకం చూసేరా? మీ ఆరోగ్యం రిజిస్టరు. మీ పేర్లు, ఏటేటా మీ ఎత్తు, మీ బరువు. రేపు పదిగంటలకి ఇది మండలాఫీసుకి వెళ్ళాలి. ఎవరు బాగా ఎదుగుతున్నారో, ఎవర్ని డాక్టరుకి చూపించాలో అక్కడ దీన్ని చూసే తేలుస్తారు. ఇందులో ఇన్నాళ్ళూ ఏం రాసేను, రేపు ఏం రాసి పంపాలి, అదీ ఇప్పుడు నా ముందున్న సంగతి. మీకు చెప్పకుండా పంపకూడదు. అయితే దానికి ముందు ఒక ట్యాంకు గురించి చెప్పాలి.

నీళ్ళ ట్యాంకు కాదురా త్రిమూర్తులూ! సరే, నవ్వుకోండి. నవ్వడం అయ్యేక చెబుతాను.

యుద్ధం ట్యాంకు. ఇదుగో ఈ పెట్టెమీద బొమ్మ. ఒకరి తరవాత ఒకరు చూసి పక్కవాళ్ళకివ్వండి, లాక్కోకండి. లోపల ప్లాస్టిక్ పుల్లలున్నాయి చూడండి, కొబ్బరాకు ఈనెకి ఆకులున్నట్టు పుల్లకి అటూ ఇటూ ముక్కలు అంటుకుని ఉంటాయి. ముక్కలు తుంచి, జిగురు పెట్టి అతికించుకుంటే ట్యాంకు తయారవుతుంది. అసలు ట్యాంకులో ముప్ఫై అయిదో వంతు. అసలుది గదంత ఉంటే ఇది అరచేతిలో పట్టేస్తుంది.

దీన్ని గీసిందెవరో తెలుసా? మన కృష్ణతేజ. రామమూర్తి ఘనపాఠీ గారి అబ్బాయి, తాటిపాక రోడ్డులో మేడ ఇల్లు. ఇరవయ్యేళ్ళ కిందట ఇదే చాపమీద, ఇప్పుడు గాయత్రి కూర్చున్న చోట కూర్చునేవాడు. ఇంజనీరింగు చదివేడు. పై గదిలో రెండు కంప్యూటర్లు పెట్టుకుని, ఎక్కడో ఐరోపాలో ఉన్న బొమ్మల కంపెనీకి ఈ ట్యాంకులు ముక్కముక్కా గీసి పంపుతాడు. వాళ్ళు అచ్చుపోసి అమ్ముతారు.

వాళ్ళమ్మ అమృతవల్లి గారు నన్ను చూస్తే చాలు, "మాస్టారూ, కింద ఆయన శాంతిపాఠం చెబుతూంటారండి, మీద వీడు ఫిరంగి గొట్టాలు గీస్తూంటాడండి. ఈ ఇద్దరికీ మధ్య మెట్లమీద కాఫీ గ్లాసులు మోసుకుంటూ నేను" అంటుంది. రామమూర్తి గారు మాత్రం వేళాకోళం చెయ్యరు. ఒకసారి మేడెక్కి, కంప్యూటరులో ట్యాంకుని కాసేపు చూసి, "స్వరం తప్పితే మంత్రం ఎదురు తిరుగుతుందిరా. నీ విద్యలోనూ అంతేనా?" అని అడిగేరట. "అంతేనండి నాన్నగారూ, బోల్టు తప్పితే కొన్నవాళ్ళు ఎదురు తిరుగుతారండి" అన్నాడట వీడు.

నిజమే. వీటిని కొనేవాళ్ళు చిన్నపిల్లలు కారు, నా వయసువాళ్ళు. భూతద్దం పెట్టి బోల్టులు లెక్కపెడతారు. ఒకటి తగ్గితే కంపెనీకి ఉత్తరం. వెల్డింగు గీత నిటారుగా ఉండాల్సిన చోట వంకరగా ఉంటే ఉత్తరం. "వీళ్ళకి యుద్ధం అంటే అంత ఇష్టమేవిట్రా?" అని అడిగేను. "యుద్ధం కాదండి మాస్టారూ, నిజం ఇష్టం. ఉన్నది ఉన్నట్టు ఉండాలి, అంతేనండి" అన్నాడు. ఆ మాట నాకు ఎంత నచ్చిందో! మీకు పాఠంలో కూడా చెప్పేను.

ఈ ట్యాంకు ఎవరిదో ఏడో తరగతి వాళ్ళకి తెలుసు. ఎనభై ఏళ్ళ కిందటి జర్మనీ. తమ జాతే గొప్పది, మిగతావాళ్ళు బతకడం దండగ అనుకున్నవాళ్ళు. తూర్పున గోధుమలు పండే దేశాల మీద పడ్డారు. ఆ గోధుమలు కావాలి, ఆ గోధుమలు తినే మనుషులు అక్కర్లేదు. అలా అని కాగితాలమీద లెక్కలు కూడా రాసుకున్నారు. ఇదంతా నేను చదివేను. చదివి, పాఠం చెప్పి, మార్కులు వేసి, ఇంటికెళ్ళి అన్నం తిన్నాను.

కృష్ణతేజ దగ్గరికి ఎందుకెళ్ళేనంటారా? వాడే వచ్చేడు. ప్రతి బొమ్మతోనూ ఒక చిన్న పుస్తకం వేస్తారు, ఈ ట్యాంకు ఎక్కడిది, ఎప్పటిది అని. దాన్ని సరిచూసి చరిత్ర తెలిసినవాళ్ళు ఎవరైనా సంతకం పెట్టాలి. "మీకన్నా తెలిసినవాళ్ళు నాకెవరున్నారండి?" అన్నాడు. పుస్తకం చివర నా పేరు అచ్చేసేరు. మన బడిలో శాలువా కూడా కప్పేరు, గుర్తుందా? మీరే చప్పట్లు కొట్టేరు.

ఇక ఈ ట్యాంకు గీయడానికి ఆధారంగా కంపెనీ పంపిన ఫొటో. ఒక జర్మను సైనికుడు తీసింది. బురదవీధి, రెండు పక్కలా పూరిళ్ళు, వీధిలో ఈ ట్యాంకు. దీనికి ఒక్కో పక్కనా ఎనిమిదేసి చిన్న చక్రాలుంటాయి. ముందువైపు చక్రాలు కనిపిస్తున్నాయి, వెనకవైపువి గడ్డిలోనూ బురదలోనూ కూరుకుపోయేయి. వెనకాల తాళ్ళతో ఒక చెక్కపెట్టె కట్టి ఉంది. ఆ పెట్టెమీద చెయ్యి వేసి ఒక ఆడపిల్ల నిలబడింది.

ఆ పెట్టె కోసమే కంపెనీకి ఈ ట్యాంకు కావాల్సొచ్చింది. "ఇలాంటి ట్యాంకులు వేలల్లో చేసేరండి, ఇలాంటి పెట్టె ఉన్నది మాత్రం ఇదొక్కటేనండి" అన్నాడు కృష్ణతేజ. చూడగానే చెప్పేను నేను: "ఇది సైన్యం పెట్టె కాదురా. మూతమీద చెక్కిన పువ్వు చూడు. ఇంటి భోషాణం, ధాన్యం పోసుకునేది." వాడు సంబరపడిపోయేడు.

ఇంటి పెట్టె అని చెప్పేను. ఎవరింటిది అని అడగలేదు. పొడుగెంత అని అడిగేను.

ఫొటోలో పొడుగు కొలవడం ఎలాగంటే, తెలిసినదాన్ని పట్టుకుని తెలియనిదాన్ని కొలవాలి. చక్రం అడ్డుకొలత పాత డ్రాయింగుల్లో ఉంది, నలభై ఏడు సెంటీమీటర్లు. అదే మన కొలబద్ద. చక్రం కెమెరాకి దగ్గర, పెట్టే పిల్లా దూరం. దూరంగా ఉన్నది చిన్నగా కనిపిస్తుంది కదా, ఎంత చిన్నగానో కంప్యూటరులో లెక్క కట్టి సరిచేసేడు. పెట్టె తొంభై అయిదు వచ్చింది. సరిచూసుకోడానికి పిల్లని కూడా కొలిచేడు.

"ఎంతొచ్చిందిరా?"

"నూట పదహారండి. రెండున్నర చక్రాల ఎత్తండి."

"ఎవరూ, ఈ పిల్లా? మొహం చూడరా. చెయ్యి చూడు. పదకొండేళ్ళకి ఒక్కరోజు తక్కువుండదు. ఆరో తరగతి పిల్ల."

"చక్రం కొలతలో తేడా రాదండి మాస్టారూ."

"చక్రంలో రాదు, నీ దూరం లెక్కలో వచ్చింది. ముప్ఫయ్యేళ్ళుగా పిల్లల ఎత్తులు రాస్తున్నాన్రా నేను. మన బళ్ళోనే ఆరో తరగతి ఆడపిల్లలు సగటున నూట ముప్ఫై ఎనిమిది. వాళ్ళు దొరల దేశం వాళ్ళు, ఇంకా పొడుగుంటారు గానీ తగ్గుతారా?"

వాడు కాసేపు తెరకేసి చూసేడు. ఆ తరవాత, "ఆయ్, మీరన్నాక అంతేనండి" అన్నాడు.

ఇదే రిజిస్టరు పట్టుకెళ్ళేను వాళ్ళింటికి, చంకలో పెట్టుకుని. ఆరో తరగతి పేజీ తీసి చూపించేను. పిల్ల నూట ముప్ఫై ఎనిమిది అనుకుంటే పెట్టె నూట పదమూడు అవుతుంది. అలాగే గీసేడు. పుస్తకంలో ఆ ఫొటో కింద నేనే ఒక వాక్యం రాసేను. "ఊరి బాలిక ఒకతె ట్యాంకును ఆసక్తిగా తాకి చూస్తోంది." అచ్చయింది కూడా.

ఫొటోలో ఇంకేవైనా చూసేనా అంటే, ఇప్పుడు చెబుతున్నాను వినండి. చలికాలం ముందర రోజులు, పిల్ల ఒంటిమీద పెద్దవాళ్ళ కోటు ఉంది. ఒక్క ఇంటి కప్పు మీదా పొగ లేదు. వీధిలో ఒక్క కుక్క లేదు, ఒక్క కోడి లేదు. తలుపులన్నీ బార్లా తెరిచి ఉన్నాయి, గుమ్మాల్లో ఎవరూ లేరు. ట్యాంకు గొట్టం ఫొటో అంచు దాటి ఎటో చూస్తోంది. అటువైపు ఏముందో మనకి కనిపించదు. ఇవన్నీ అప్పుడూ అందులోనే ఉన్నాయి. మూడు నెలలు ఆ ఫొటో ముందు కూర్చున్నాను. నాకు పెట్టె కనిపించింది.

ఏవమ్మా గాయత్రీ? వానకేం కాదు, మురుగుకాలవ పొంగితే నేనే దాటిస్తాను. విను.

పోయిన నెలలో ఉత్తరం వచ్చింది. కంపెనీకి వస్తే వాళ్ళు కృష్ణతేజకి పంపేరు. వాడు అచ్చుతీసి, మోటారుసైకిలు మీద ఈ బడికే తెచ్చిచ్చేడు. ఎప్పుడూ "మాస్టారూ!" అని గేటు దగ్గర్నించే అరిచేవాడు, ఆ రోజు అరవలేదు.

రాసింది ఫొటోలో ఉన్న ఆ ఊరి పెద్దాయన ఒకాయన. ఆ ఊరిపేరు పలకడానికి నాకు నోరు తిరగలేదు. ఇంగ్లీషులో ఎవరిచేతో రాయించేడు. తెలుగులో చెబుతాను.

"అయ్యా, ఆ వీధి మాది. ట్యాంకు వెనక కట్టిన ధాన్యం పెట్టె మా తాతగారిది. ఇప్పటికీ మా వంటింట్లో ఉంది. పొడుగు తొంభై అయిదు సెంటీమీటర్లు, మీ బొమ్మలో పెద్దదైపోయింది. పక్కన నిలబడ్డది మా నాన్నగారి అక్క మార్త. అప్పటికి పదకొండేళ్ళు నిండేయి. మీ పుస్తకంలో ఆమె ట్యాంకుని ఆసక్తిగా తాకుతోందని రాసేరు. ఆమె ట్యాంకుని తాకడం లేదు. పెట్టె పట్టుకుంది. వదలొద్దని వాళ్ళమ్మ చెప్పింది."

వదలొద్దని చెప్పిన అమ్మ ఆ ఫొటోలో లేదు. ఎందుకు లేదో ఆయన రాయలేదు.

"నాలుగురోజుల తరవాత ఊరిచివర బురదలో ట్యాంకు దిగబడిపోతే వదిలేసి పోయేరు. పెట్టె ఇంటికి తిరిగొచ్చింది, ఖాళీగా. మార్త ఆ చలికాలం దాటలేదు. మా తాతగారు ఏటా పిల్లల్ని వంటింటి గుమ్మానికి నిలబెట్టి, ఎత్తు దగ్గర కత్తితో గాటు పెట్టేవారు. మార్త ఆఖరి గాటు నేను కొలిచి చూసేను, నూట పదహారు సెంటీమీటర్లు. అంతకు ముందేడాది గాటు కోసం వెతికేను, దొరకలేదు. దీపం పెట్టి చూస్తే తెలిసింది, రెండు గాట్లూ ఒకేచోట ఉన్నాయి."

అంతే ఉత్తరం. తిట్టలేదు. కింద సంతకం.

చక్రం నిజమే చెప్పింది, పిల్లలూ. రెండున్నర చక్రాల ఎత్తు. ఆ పిల్లకి ఏళ్ళుగా తిండి చాల్లేదు, ఆఖరి ఏడాదైతే అసలు ఎదగలేదు. మొహానికి పదకొండేళ్ళొచ్చేయి, ఒంటికి రాలేదు. పదకొండేళ్ళ పిల్ల అంత పొట్టిగా ఎలా ఉంటుందిరా అని గద్దించి, నా పుస్తకం తెరిచి చూపించి, నోరు మూయించేను. ఎందుకుందో అని ఒక్కసారి అనుకుని ఉంటే ఆ ఫొటో మొత్తం తెలిసిపోయేది.

పోతురాజూ, తల దించుకోకు. నీకు చెబుతున్నది కాదు ఇది.

కంపెనీ వాళ్ళు వెంటనే ఒప్పుకున్నారు. పెట్టె తొంభై అయిదుకి దిద్దించేరు. మిల్లీమీటరు తేడా ఉండకూడదు మరి, కొనేవాళ్ళు ఊరుకోరు. అయితే ఈ మార్త కథ తెలిసేక వాళ్ళకింకో ఆలోచన వచ్చింది. రెండో అచ్చులో ట్యాంకుతోపాటు పిల్ల బొమ్మ కూడా ఇద్దామని. చేయించేరు. నూట పదహారు సెంటీమీటర్లంటే బొమ్మలో మూడు సెంటీమీటర్లూ కాస్త. చూస్తే వాళ్ళకి నచ్చలేదు. పెద్ద మొహం, చిన్న ఒళ్ళు. కొన్నవాళ్ళు ఇది తప్పు అచ్చు అనుకుంటారు, ఎత్తు పెంచి, బుగ్గలు కాస్త నింపి, మొదట మాస్టారు చెప్పిన నూట ముప్ఫై ఎనిమిదే ఉంచేయండి, ఆయన సంతకం తీసుకోండి అన్నారు.

ఇవాళ మధ్యాహ్నం, మీరు అన్నాలు తింటూండగా, కృష్ణతేజ ఆ కాగితం పట్టుకొచ్చేడు. వాళ్ళమ్మ కూడా వెనకాల కూర్చుని వచ్చింది. మీరు చూసే ఉంటారు.

"చక్రంలో వెంట్రుకవాసి తేడా ఒప్పుకోరండి మాస్టారూ. ఈ పిల్లని మాత్రం ఇరవై రెండు సెంటీమీటర్లు పెంచమంటున్నారండి" అన్నాడు. నవ్వబోయేడు, రాలేదు.

"నీకెలా ఉందిరా?"

"నాకెలా ఉంటేనేమండి. సాయంత్రంలోగా పంపకపోతే ఈ పని వేరేవాళ్ళకిచ్చేస్తామన్నారండి. పంపితే ఇంకో మూడేళ్ళు నన్నే ఉంచుతారండి."

అమృతవల్లి గారు ఆ కిటికీ దగ్గర నిలబడింది. ఆవిడ ఎప్పుడూ ఏదో ఒక వేళాకోళం చేస్తుంది కదా, ఇవాళ చెయ్యలేదు. "బొమ్మే కదండీ మాస్టారూ" అంది, అంతే.

ఏం చేసేనో ఆఖర్న చెబుతాను. కాదు, ఇప్పుడే చెప్పేస్తాను. దాచుకుంటే మీకు పాఠం చెప్పే మొహం ఉండదు నాకు. సంతకం పెట్టేను. "ఎత్తు నూట ముప్ఫై ఎనిమిది, సరియే" అని రాసి, కింద పొడి అక్షరాల్లో కాకుండా పూర్తి పేరు రాసేను. వాళ్ళు వెళ్ళిపోయేరు.

ఇంకా మూత పెట్టని పెన్ను చేతిలో ఉంది. ఎదురుగా ఈ రిజిస్టరు. రేపు పంపాలి కదా, ఎలాగూ కూర్చున్నాను, పూర్తి చేసేద్దామనుకున్నాను.

ఎలా పూర్తి చేస్తానో తెలుసా మీకు? తెలియదు. మీ అమ్మానాన్నలకీ తెలియదు.

తొమ్మిదేళ్ళ కిందట ఆ గోడకి ఎత్తు కొలిచే పటం ఒకటుండేది. చెద పట్టి రాలిపోయింది. ఇంకోటి కావాలని రాసేను, రాలేదు. బరువు చూసే మిషనూ పాడయ్యింది. కర్రా దారం పెట్టి కొలవచ్చు, తప్పదంటే. పరీక్షలు, పేపర్లు, ఫోనులో పంపాల్సిన ఫొటోలు, నూటెనిమిది పనులు. ఒక ఏడాది తొందరలో, పోయినేటి అంకెకి అయిదు కలిపి రాసేసేను. పిల్లలు ఏడాదికి అయిదు పెరుగుతారు కదా అని. ఎవరూ అడగలేదు. మరుసటేడు ఇంకో అయిదు. ఆ మరుసటేడు ఇంకో అయిదు. కొత్తగా చేరినవాళ్ళకి కంటితో చూసి ఒక అంకె. ఎంత చక్కగా ఉంటుందో చూడండి ఈ పేజీ, ఒక్క కొట్టివేత లేదు. 'ఆదర్శంగా ఉంది' అని పైవాళ్ళు ఎర్రసిరాతో రాసేరు కూడా. ఇదుగో.

మన బళ్ళో ఆరో తరగతి ఆడపిల్లలు సగటున నూట ముప్ఫై ఎనిమిది! ఆ పుస్తకమే చంకలో పెట్టుకెళ్ళి చక్రంతో వాదించేను నేను. చక్రాన్ని ఎవరో కొలిచి రాసేరు. నా అంకెల్ని నేను కుర్చీలో కూర్చుని పుట్టించేను.

ఇవాళా అలాగే మొదలెట్టేను. ఆరో తరగతి. ఒక్కో పేరుకీ అయిదు కలుపుకుంటూ వచ్చేను. ఒక పేరు దగ్గర పోయినేటి అంకె నూట ముప్ఫై మూడు ఉంది. అయిదు కలిపి నూట ముప్ఫై ఎనిమిది అని రాసేను. సిరా ఇంకా ఆరలేదు. అరగంట కిందట ఇదే అంకె ఇదే చేత్తో ఇంకో పిల్లకి రాసేనే అనుకున్నాను. తలెత్తి చూసేను.

ఆ పేరు గల పిల్ల కుళాయి దగ్గర కంచం కడుక్కుంటోంది. పక్కన ఆ తరగతివాళ్ళే ఇంకో ఇద్దరున్నారు. వాళ్ళ భుజం దగ్గరుంది ఈ పిల్ల తల.

రోజూ నా కళ్ళెదురుగా మొదటి వరసలో కూర్చుంటుంది. మొదటి వరసలో ఎందుకు కూర్చోబెట్టేననుకున్నారు? వెనక కూర్చుంటే బోర్డు కనిపించదని నేనే కూర్చోబెట్టేను. అంత తెలిసినవాణ్ణి. పుస్తకంలో మాత్రం ఏడాదికి అయిదు పెరుగుతూ వస్తోంది కదా, నాకు ఏ అనుమానమూ రాలేదు.

అందుకే గంట కొట్టినా మిమ్మల్ని వదల్లేదు. ఇంటినించి మా ఆవిడ కుట్టుమిషను టేపు తెప్పించి, గోడమీద గుర్తులు పెట్టి, ఒక్కొక్కళ్ళనీ కొలిచేను. నలభై మందిలో పదమూడు మందికి పుస్తకంలో ఉన్న ఎత్తు లేదు. చాలామందికి మూడో నాలుగో తక్కువ. ఒక గీత మాత్రం నూట ఇరవై ఒకటి దగ్గరుంది. అది ఎవరిదో మీ అందరికీ తెలుసు. చెప్పక్కర్లేదు.

కళ్ళు దించుకోకమ్మా. నువ్వు దించుకోవాల్సిన పని లేదు. దించుకోవాల్సింది నేను.

అది తిండి వల్లో, లోపల ఏదైనా జబ్బు వల్లో నాకు తెలియదు. డాక్టరు చెప్పాలి. నిజంగా కొలిచి రాసుంటే మూడేళ్ళ కిందటే చెప్పి ఉండేవాడు. ఆ మూడేళ్ళు నేను తెచ్చివ్వలేను. ఇక్కడ యుద్ధం లేదు, మన వీధిలో ఏ ట్యాంకూ రాలేదు, ఎవరి పెట్టే ఎవరూ పట్టుకుపోలేదు. అయినా గీత కిందే ఉండిపోయింది చూడండి. నాకు అదే భయంగా ఉంది.

ఇదుగో, చూస్తున్నారా? ఈ పేజీ అంతా కొట్టేసేను. పక్కన ఇవాళ కొలిచిన అంకెలు వేసేను. ఇక్కడ కింద రాసేను, చదువు గాయత్రీ, పైకి చదువు. చదవలేకపోతున్నావా? సరే నేనే చదువుతాను. "గత తొమ్మిదేళ్ళ అంకెలు కొలిచినవి కావు. నేను కల్పించి రాసినవి." కింద నా పూర్తి పేరు.

మార్చిలో నాకు రిటైర్మెంటు. ఈ పేజీ చూసేక రేపు ఏమంటారో, ఎల్లుండి ఏం కాగితం వస్తుందో తెలియదు. మీకు వేరే మాస్టారు వస్తారేమో. వస్తే ఆయన్ని కూడా గోడకి నిలబెట్టి కొలవమనండి. నవ్వండర్రా, ఒక్కరైనా నవ్వండి.

మధ్యాహ్నం సంతకం పెట్టిన ఆ కంపెనీ కాగితం సంగతా? ఇందాక మిమ్మల్ని వరసలో నిలబెట్టి మధ్యలో ఫోను చెయ్యడానికి బయటికెళ్ళేను కదా, దానికే. "కృష్ణా, ఆ సంతకం కొట్టెయ్యరా" అన్నాను.  "పంపేసేనండి మాస్టారూ. అందిందని కూడా రాసేరండి. అచ్చుకి వెళ్ళిపోతుందండి" అన్నాడు.

వెళ్ళిపోతుంది. వేల పెట్టెల్లో. ట్యాంకు చక్రాలు సరిగ్గా ఉంటాయి, బోల్టులు సరిగ్గా ఉంటాయి, ధాన్యం పెట్టె కూడా సరిగ్గానే ఉంటుంది. దాని పక్కన బుగ్గలు నిండిన పిల్ల, కడుపునిండా తిన్న పిల్ల నిలబడి ఉంటుంది. ఆ పెద్దాయన మనవడు దుకాణంలో కొని ఇంటికి పట్టుకెళ్తాడు. ఆయన దాన్ని వంటింటి గుమ్మం దగ్గరికి పట్టుకెళ్ళి, ఆ రెండు గాట్లు ఒకటైన చోట పెట్టి చూస్తాడేమో. పుస్తకం వెనక్కి తిప్పితే నా పేరు ఉంటుంది. ఏం చెయ్యను? రాసింది నేనే.

సరే, లేవండి. వాన వెలిసినట్టే ఉంది. మురుగుకాలవ దగ్గర ఒకరి చెయ్యి ఒకరు పట్టుకోండి. త్రిమూర్తులూ, చిన్నవాళ్ళని ముందు దాటించు.

సాయిదుర్గా, నువ్వు ఆగమ్మా, నీతో నేనూ వస్తాను. మీ అమ్మ కువైట్ నుంచి ఏ వేళప్పుడు ఫోను చేస్తుంది? ఇవాళ చేస్తే నాకివ్వు. మీ మామ్మ వీరాయమ్మ గారికి నేనే చెబుతాను, పొద్దున్న మొదటి బస్సుకి అమలాపురం పెద్దాసుపత్రికి వెళ్దామని. రిజిస్టరు త్రోవలో మండలాఫీసులో ఇచ్చేస్తాను. ఏడవకు. సూది పొడవరులే. పొడిచినా నేను పక్కనే ఉంటాను.

మిగతావాళ్ళు పోండి. తిన్నగా ఇళ్ళకి వెళ్ళి అన్నాలు తినండి. చాలకపోతే మళ్ళీ పెట్టమని అడగండి, సిగ్గుపడకండి. పో పోతురాజూ, ఇంకా నిలబడ్డావేం? మీ అమ్మ ఎదురుచూస్తూంటుంది, అన్నం చల్లారిపోతుంది.